చర్చ: 8 ఏళ్ళ పిల్లల నుంచి 80 దాటిన పెద్దల దాకా ఒకే గుంపులో నిరీక్షణ గురించి ఎలా ధ్యానించాలి?

ఉదయధ్యానం:
అందరికీ వందనాలండి. వారానికి గంట చొప్పున 6 వారాలు ప్రార్థన గుంపులో నిరీక్షణ మీద ధ్యానం జరపాలి. కూర్చునేవాళ్ళలో 8 ఏళ్ళ పిల్లలు, కాలేజీ వయసువాళ్ళు, సంసారభారం మోసేవాళ్ళు, 80 దాటిన పెద్దలు, అందరూ ఉంటారు. ఇలాంటి చోట మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. ఒకరు గంటసేపు చెబుతారు. పెద్దలు తలాడిస్తారు, పిల్లలు కునుకు తీస్తారు, కుర్రవాళ్ళు నోరు విప్పరు. చివర్లో ఒక వాగ్దాన వచనం అందరూ కలిసి చదివి లేస్తారు. నిజంగా కుంగిపోయి వచ్చినవాళ్ళు అదే బరువుతో ఇంటికి వెళ్తారు. ఏ వాక్యభాగంతో మొదలుపెట్టాలి? ఏ వయసువాళ్ళతో ఏం చేయించాలి? ఎక్కడ దెబ్బతింటుంది? దయచేసి పద్ధతి చెప్పండి.

లంగరు:
వందనాలు. ముందు నిరీక్షణ అన్న మాట దగ్గరే ఒక 20 నిమిషాలు ఆగండి. గుంపులో సగం మంది దాన్ని వేరే అర్థంలో వింటారు. వాడుక తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. బస్సు కోసం నిలబడటమూ నిరీక్షణే. ఆశ అనగానే ఆశపోతు గుర్తొస్తాడు. ధీమా అంటే పని మన చేతిలోనే ఉందన్న లెక్క. బైబిల్లో నిరీక్షణ ఈ మూడింటిలో దేనికీ సరిగ్గా సరిపోదు. మాట ఇచ్చినవాడు నమ్మదగినవాడు కాబట్టి, ఆ మాట ఇంకా కళ్ళకు కనబడకపోయినా దాని మీద బరువు పెట్టి నిలబడటం అది. హెబ్రీలో నిరీక్షణకు వాడే మాటల్లో ఒకటి 'తిక్వా'. యెహోషువ 2లో వేగులవాళ్ళను దాచిన రాహాబును కిటికీకి కట్టమన్న ఎర్ర దారానికి కూడా అదే మాట వాడారు. పిల్లలకు ఈ ఒక్క సంగతి చాలు, ఎప్పటికీ మర్చిపోరు.

రెండో చిక్కు రోమా 5:3-4లో ఉంది. "శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను" కలుగజేస్తుందని చదవగానే కాలేజీ పిల్లలకు హాల్ టికెట్ గుర్తొస్తుంది. అక్కడి గ్రీకు మాటకు అర్థం పరీక్షకు నిలిచి గట్టిదని తేలిన గుణం. బంగారాన్ని పుటం పెట్టి చూసినట్టు. కాబట్టి ఆ గొలుసులో నిరీక్షణ చివర వస్తుంది. మొదటి రోజే అది పొంగిపొర్లాలని ఎవరినీ తొందరపెట్టకండి.

ఇంకొకటి. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ నిరీక్షణకు విరుద్ధమైన పాపాలు రెండని రాశాడు: నిరాశ ఒకటి, మితిమీరిన ధీమా రెండోది. మన గుంపుల్లో మొదటిదాన్నే మందలిస్తాం. "వచ్చే నెలకల్లా అయిపోతుంది, రాసి పెట్టుకో" అనేవాళ్ళను గొప్ప విశ్వాసులంటాం. చాలామంది మనసు విరిగేది ఆ నెల దాటాకే.

కీర్తన88:
లంగరు గారూ, మాట అర్థం అవసరమే. కానీ మొదటి వారం దానికిస్తే కుంగినవాళ్ళు రెండో వారం రారు. నా ఓటు విలాపానికి. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొర పెట్టుకునేవే. మన కూటాల్లో అవి ఎన్ని చదువుతున్నాం?

కీర్తన 13 తీసుకోండి. ఆరే వచనాలు, కొలతకు కుట్టినట్టుంటుంది. 1, 2 వచనాలు ఫిర్యాదు. హెబ్రీ మూలంలో 'ఎంతవరకు' అనే ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. 3, 4 వచనాలు మనవి. 5, 6 వచనాలు నమ్మిక. చేయించే తీరు ఇది: కీర్తన ఒకసారి నెమ్మదిగా చదవాలి, 2 నిమిషాలు. ప్రతి ఒక్కరికీ ఒక కాగితం, పెన్ను. 'ఎంతవరకు' అని మొదలయ్యే వాక్యాలు మూడు రాయమనండి, 7 నిమిషాలు. పేర్లు రాయనక్కర్లేదు. తర్వాత 'నాకు ఇది కావాలి' అని దేవుణ్ణి అడిగే వాక్యం ఒక్కటి, 3 నిమిషాలు. ఆ తర్వాత 4 నిమిషాలు పూర్తి మౌనం. ఇష్టమైనవాళ్ళు తాము రాసింది చదవొచ్చు. ఒకరు చదివాక ఇంకొకరు సలహా ఇవ్వకూడదు, వాక్యంతో జవాబు చెప్పకూడదు, "నాకు కూడా" అని మొదలుపెట్టకూడదు. గుంపంతా కలిసి "ప్రభువా, ఆలకించుము" అనాలి, అంతే. ఈ నియమం ముందే చెప్పకపోతే నాలుగో మనిషి దగ్గర ప్రసంగం మొదలవుతుంది, ఐదో మనిషి కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు.

సరిగ్గా ఎక్కడ తప్పుతుందంటే, నడిపించేవాళ్ళు నాలుగో వచనం నుంచి ఐదో వచనంలోకి ఒక్క గెంతు వేస్తారు. "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచియున్నాను" అనే మాటలో ఆ 'నేనైతే' చూడండి. పైన ఉన్నదేదీ మారలేదు, శత్రువు అక్కడే ఉన్నాడు, అయినా అతను ఇటు తిరిగాడు. ఆ మలుపు తిరగడానికి అతనికి ఎంతకాలం పట్టిందో కీర్తన చెప్పదు. కాబట్టి మొదటి వారం 5, 6 వచనాలు చదవండి, కానీ రాయించకండి. అవి మూడో వారానికి ఉంచండి.

లంగరు:
మొదటి వారం మీ పద్ధతే మేలు. నా 20 నిమిషాలు రెండో వారానికి జరుపుతాను. ఒక్క సందేహం. 88వ కీర్తన కూడా గుంపులో చదివించమంటారా? అది "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ముగుస్తుంది. పిల్లల ముందు అంత బరువెందుకు?

కీర్తన88:
పిల్లలు పక్క గదిలో ఉన్నప్పుడు చదవండి. వదిలేయొద్దు మాత్రం. ఆ కీర్తన 18 వచనాల్లో వెలుగు ఎక్కడా రాదు, కానీ మొదటి వచనంలో అతను పిలిచింది 'నా రక్షణకర్తవగు దేవా' అని. చీకటిలో ఉన్నా పిలుపు ఆపలేదు. ప్రార్థించలేకపోతున్నానని బాధపడేవాళ్ళకు దీన్ని మించిన ఆసరా లేదు. తమ స్థితి అప్పటికే బైబిల్లో రాసి ఉందని తెలిస్తే తమను తాము వెలివేసుకోరు.

సండేస్కూల్ అక్క:
పిల్లల సంగతి నేను చెబుతాను. 8 ఏళ్ళవాళ్ళకు మాటతో చెప్పేది 10 నిమిషాలు దాటకూడదు, ఆ తర్వాత చేతికి పని కావాలి. కంఠతకు పెద్ద వచనాలు వద్దు. కీర్తన 56:3 చాలు: "నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను." ఇందులో భయపడకు అని లేదు, గమనించండి. భయం వచ్చిన రోజు ఏం చేయాలో ఉంది. పిల్లలకు కావలసింది అదే.

హెబ్రీ 6:19లో నిరీక్షణ ఆత్మకు లంగరులాంటిదని ఉంది కదా, దాన్ని చేసి చూపించండి. వెడల్పాటి టబ్బు, ఒక తేలికైన ప్లాస్టిక్ మూత, దారం, పిడికిలంత రాయి. దారం ఒక కొస రాయికి, రెండో కొస మూత అంచుకు చిన్న చిల్లు పెట్టి కట్టాలి. రాయిని టబ్బులో ఒక పక్కన వేసి, పిల్లలను అట్టముక్కతో గాలి విసరమనండి. మూత ఊగుతుంది, గిరగిరా తిరుగుతుంది, కొంతదూరం పోయి ఆగుతుంది. దారం కత్తిరించి మళ్ళీ విసిరితే అవతలి అంచుకు పోయి కొట్టుకుంటుంది. అప్పుడు అడగండి: లంగరు ఉన్నప్పుడు పడవ కదల్లేదా? కదిలింది. గాలి ఆగిందా? ఆగలేదు. మరి లంగరు ఏం చేసింది? ఈ మూడో జవాబు పిల్లలే చెప్పాలి, మీరు అందించొద్దు. లంగరు నీళ్ళ కింద ఉంటుంది కాబట్టి పడవలోవాళ్ళకు కనబడదన్న సంగతి ఎవరో ఒక పిల్లో పిల్లాడో తప్పకుండా పట్టుకుంటారు. హెబ్రీ పత్రికలో కూడా అది "తెరలోపల" ప్రవేశించిందనే ఉంది.

ఇంట్లో చావు జరిగిన పిల్లలు గుంపులో ఉంటే మాటలు జాగ్రత్త. "తాతయ్య నిద్రపోయాడు" అంటే చిన్నపిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడతారు. "దేవుడికి కావాలని తీసుకెళ్ళాడు" అంటే దేవుడి మీదే భయం పుడుతుంది. చనిపోయాడు, శరీరం పనిచేయడం మానేసింది, యేసుప్రభువు లేపుతాడని మనం ఎదురుచూస్తున్నాం అని తిన్నగా చెప్పండి. లాజరు సమాధి దగ్గర, లేపబోతున్నానని తెలిసి కూడా, యేసు కన్నీళ్ళు విడిచాడు. ఏడవొద్దని పిల్లలతో అనకండి.

బబులోను ఉత్తరం:
యౌవనస్థులకు యిర్మీయా 29:11 ఇస్తారు అందరూ. ఫోన్ వాల్‌పేపర్ల మీద ఎక్కువగా కనబడే వచనం అదే. దయచేసి 28వ అధ్యాయం నుంచి చదివించండి. అక్కడ హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అందరూ బబులోను నుంచి తిరిగి వచ్చేస్తారని ప్రజల ముందు ప్రకటించాడు. వినడానికి అది గొప్ప నిరీక్షణ. దేవుడు ఆ మాట చెప్పలేదు. ఆ సంవత్సరమే ఏడో నెలలో అతను చనిపోయాడు. 29వ అధ్యాయం చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం. 10వ వచనంలో గడువు 70 ఏళ్ళు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. ఆ 70 ఏళ్ళ మాట తర్వాతనే "సమాధానకరమైన ఉద్దేశములు" వస్తాయి. మరి ఈలోగా ఏం చేయాలి? 5, 6, 7 వచనాలు: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి.

కుర్రవాళ్ళతో చేయించేది: కాగితం మధ్యలో గీత గీయమనండి. ఎడమవైపు 'నా చేతిలో లేనివి', కుడివైపు 'ఈ వారం నాటగలిగేవి'. ఫలితాలు, ఉద్యోగం పిలుపు, ఇంట్లో గొడవలు ఎడమవైపు పడతాయి. కుడివైపున ఉండేవి చిన్నవి కావాలి, 7 రోజుల్లో పూర్తయ్యేవి కావాలి: ఒక పాఠం, ఒక దరఖాస్తు, ఒకరికి క్షమాపణ. మూడుకు మించొద్దు. 'ఇక నుంచి రోజూ 4 గంటలకు లేస్తాను' లాంటివి రాస్తే కొట్టేయించండి. నాలుగో రోజు లేవలేక, దేవుడి దగ్గర మొహం చెల్లలేదనుకుంటారు. ఎడమవైపు రాసినవి ఒక్కొక్కటీ చదివి ప్రార్థనలో అప్పగించాలి, కుడివైపువి వచ్చే వారం అడగాలి. అడగకపోతే ఈ పనంతా వృథా.

ఉదయధ్యానం:
ఎంతో మేలు చేశారండి. రెండు సంగతులు మిగిలాయి. ఇల్లు కదల్లేని పెద్దలకు ఏం చేయాలి? కొందరిది మామూలు దిగులు కాదేమో అనిపిస్తుంది, అప్పుడు ప్రార్థన ఒక్కటే చాలా?

ఆదరణ పరిచర్య:
రెండోదానికి నేను జవాబు రాస్తాను, ఇది ప్రాణాల విషయం.

1 రాజులు 19 తెరవండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన కొద్ది రోజులకే ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దూత మందలించలేదు, వాక్యం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. అతను తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి "నీ శక్తికి మించిన ప్రయాణము" ఉందని చెప్పి తినిపించాడు. 40 రోజుల నడక తర్వాతనే దేవుడు మాట్లాడటం. అక్కడ కూడా తోడుగా ఎలీషాను, ఇంకా బయలు దేవతకు మోకరించని 7,000 మందిని చూపించాడు. వరుస గుర్తుంచుకోండి: నిద్ర, తిండి, మళ్ళీ నిద్ర, నడక, తర్వాత మాట, తోడు. మనం మాటతో మొదలుపెట్టి తిరగేస్తాం.

గుంపులో చూడాల్సిన గుర్తులు: రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు లేదా దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర తప్పడం లేదా అతినిద్ర, తిండి మారడం, తాను దేనికీ పనికిరాననే మాట, తనవాళ్ళకు తాను భారం అనే మాట. ఇవి ఉంటే డాక్టర్ దగ్గరకు వెంటబెట్టుకుని వెళ్ళండి. 'వెళ్ళండి' అని చెప్పి వదిలేస్తే వెళ్ళరు. మందులు రాస్తే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా "ప్రార్థన చేశాం కదా, మందులు మానేయ్" అని ఎవరూ అనకూడదు. హఠాత్తుగా మానితే ప్రమాదం. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడేనని కొలొస్సయి 4:14లో ఉంది.

చావు మాట వినబడితే తిన్నగా అడగండి: "చనిపోవాలని అనుకుంటున్నారా?" అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, మాత్రల్లాంటివి అందకుండా తీసేయండి, ఇంట్లోవాళ్ళకు చెప్పండి, ఆ రోజే ఆసుపత్రికి లేదా మీ దగ్గరి సహాయ నంబరుకు అందించండి. రహస్యంగా ఉంచుతానని ముందే మాట ఇవ్వొద్దు.

ఉపవాసం గురించి ఒక మాట. కుంగుబాటులో ఉన్నవాళ్ళ చేత, షుగర్ మందులు వాడేవాళ్ళ చేత, ఆహారం మీద విముఖత ఉన్న ఆడపిల్లల చేత ఉపవాసం చేయించకండి. ఏలీయాకు దూత రొట్టె పెట్టాడు.

లంగరు:
పూర్తిగా ఒప్పుకుంటాను. ఒక్కటి కలుపుతాను, డాక్టర్ దగ్గరకు పంపాం కదా అని గుంపు చేతులు దులుపుకోకూడదు. యోబు స్నేహితులు 7 రాత్రింబగళ్ళు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. యోబు 42:7లో దేవుడు తప్పుపట్టింది వాళ్ళు నోరు తెరిచాక పలికిన మాటలను.

ఒలీవ కొమ్మ:
పెద్దల గురించి. వాళ్ళకు నిరీక్షణ నేర్పాలని వెళ్తే కష్టం, వాళ్ళ దగ్గర నిలవ ఉన్నదాన్ని బయటికి తీయించాలి. 1 సమూయేలు 7:12లో సమూయేలు రాయి నిలబెట్టి "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడు. ఆ 'ఇంతవరకు' పట్టుకుని ఒక నోటుబుక్కు పెట్టండి. ఇంటికి వెళ్ళిన కాలేజీ పిల్ల అడుగుతుంది, పెద్దాయన చెబుతారు, ఆమె రాస్తుంది. 'మీ సాక్ష్యం చెప్పండి' అంటే అరిగిపోయిన మాటలే వస్తాయి. చిన్నగా అడగాలి: ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు ఎవరు తలుపు తట్టారు? ఏ పాట పాడుకుంటే నిద్ర పట్టేది? ఏ ప్రార్థనకు ఇప్పటికీ జవాబు రాలేదు? ఆ చివరి ప్రశ్న మానొద్దు. 60 ఏళ్ళుగా జవాబు రాని ప్రార్థన పెట్టుకుని ఇంకా నమ్ముతున్న మనిషి చెప్పింది కుర్రవాళ్ళు చెవి రిక్కించి వింటారు.

వెళ్తే 20 నిమిషాలకు మించి కూర్చోకండి, అలిసిపోతారు. వాక్యం పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం తీసుకెళ్ళండి. మతిమరుపు ముదిరినవాళ్ళ దగ్గర కొత్త పాటలు వద్దు. చిన్నప్పటి కీర్తన, ప్రభువు ప్రార్థన, 23వ కీర్తన, ప్రతిసారీ అవే, అదే వరుసలో. మాట పోయినవాళ్ళు కూడా రాగం అందుకుంటారు.

పని కూడా ఇవ్వండి. తాము ఎవరికీ అక్కర్లేదన్న బాధే ముదిమిలో నిరీక్షణను తినేస్తుంది. రోజుకొకరి చొప్పున 7 పేర్ల చీటీ ఇచ్చి, వాళ్ళ కోసం ప్రార్థించమని అడగండి. ఆ పేర్లవాళ్ళు వారానికోసారి ఫోన్ చేసి ఏమైందో చెప్పాలి. లూకా 2లో బాగా వయసు మీరిన 'అన్న' అనే ప్రవక్త్రి దేవాలయంలో చేసింది ఈ పనే.

ఉదయధ్యానం:
6 వారాలు అయ్యాక అది చల్లారిపోకుండా ఏం చేయాలి?

కీర్తన88:
చల్లారుతుంది. అందుకే విలాపవాక్యములు చదివించండి. 1, 2, 4, 5 అధ్యాయాలకు హెబ్రీ అక్షరాల లెక్కన 22 వచనాలు, మూడోదానికి 66. సరిగ్గా ఆ నడిమి అధ్యాయంలో, 18వ వచనంలో "నాకిక ఆశలు లేవనుకొంటిని" అన్నవాడే 21కి వచ్చేసరికి "నేను దీని జ్ఞాపకము చేసికొనగా నాకు ఆశ పుట్టుచున్నది" అంటాడు. మధ్యలో జరిగింది జ్ఞాపకం చేసుకోవడం, అంతే. పైగా పుస్తకం అక్కడ ఆగదు, తర్వాత మళ్ళీ ఏడుపులోకి దిగి, జవాబు దొరకని మొరతోనే ముగుస్తుంది. వాత్సల్యత "అనుదినము నూతనముగా" పుడుతుందన్నాడు కాబట్టి నిన్నటిది ఇవాళ్టికి నిలవ ఉండదు, అరణ్యంలో ఏ రోజుకారోజు దొరికిన మన్నాలాగా.

రోజుకు 12 నిమిషాలు చాలు. ఒక కీర్తన పైకి చదవడం, నిన్న జరిగిన ఒక్క మేలు పేరుపెట్టి చెప్పడం, ఒక్క 'ఎంతవరకు', ఒక్కరి కోసం ప్రార్థన, కొంచెం మౌనం. తీరిక ఉన్నవాళ్ళు రోజుకు 5 కీర్తనలు చదివితే 30 రోజుల్లో 150 అవుతాయి. కానీ 119వ కీర్తన ఒక్కటే 176 వచనాలు, ఆ రోజు చాలామంది జారిపోతారు. దాన్ని పక్కన పెట్టి, 8 వచనాల చొప్పున 22 రోజులు విడిగా చదవండి. ఒక రోజు తప్పితే తప్పినవి కూడబెట్టి చదవొద్దు, ఇవాళ్టిది చదివి ముందుకు పొండి. బాకీ పేరుకుంటే పుస్తకం తెరవాలంటేనే భయం వేస్తుంది.

బబులోను ఉత్తరం:
ఆరో వారానికి లూకా 24, ఎమ్మాయు దారి. "మేము నిరీక్షించియుంటిమి" అని నిరీక్షణను గతంలో కలిపేసి చెబుతారు ఆ ఇద్దరు శిష్యులు, అది కూడా తిరిగి లేచి పక్కనే నడుస్తున్న యేసుతోనే. గుంపును ఇద్దరిద్దరుగా, ఒక చిన్న ఒక పెద్ద చొప్పున, 15 నిమిషాలు బయట నడిపించండి. ఒకరు 'నిరీక్షించియుంటిమి' అని చెప్పుకునేది చెప్పాలి, మరొకరు వినాలి, తిరుగుదారిలో మార్చుకోవాలి. ఎదురెదురుగా కూర్చుని చెప్పలేనివి పక్కపక్కన నడుస్తూ చెబుతారు.

ఉదయధ్యానం:
అందరికీ హృదయపూర్వక వందనాలు. వరుస ఇలా అనుకుంటున్నాను: 13వ కీర్తన, మాట అర్థంతో లంగరు, మళ్ళీ 13లో మిగిలిన రెండు వచనాలు, యిర్మీయా ఉత్తరం, ఏలీయాతో పాటు పెద్దల నోటుబుక్కు, ఎమ్మాయు. సండేస్కూల్ అక్కా, మీరు చెప్పిన టబ్బు లంగరును ఇవాళ ప్రయత్నిస్తే మూత ఒరిగి మునిగిపోయింది. దారం ఎంత పెట్టాలి?

సండేస్కూల్ అక్క:
దారం పొట్టిదై ఉంటుంది. నీళ్ళు 2 అంగుళాలు పోస్తే దారం 10 అంగుళాలు ఉండాలి. నిజం పడవలకు కూడా లోతుకు 5 నుంచి 7 రెట్ల తాడు వదులుతారు. పొట్టి తాడు మీద అల వస్తే పడవ కిందికి గుంజుకుపోతుంది, లేదా లంగరే పైకి లేస్తుంది. టబ్బు రెండడుగుల వెడల్పుంటే మంచిది, రాయి మధ్యలో కాకుండా ఒక అంచున వేయండి. ఒక పని చేయండి, పొట్టి దారంతో మునిగింది కూడా పిల్లలకు చూపించి, తర్వాత పొడవు దారం కట్టి, ఇంకో చెంబు నీళ్ళు పోయమనండి. నీళ్ళు పెరిగితే మూత కూడా పైకి వస్తుంది. తడి దారం ముడి జారుతుంది, రెండు ముళ్ళు వేయండి.